స్నేహితురాలు పక్కన పెట్టేసిందని పిల్ల కుమిలిపోతుంటే ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి

మా పాపకి 9 ఏళ్ళు, నాలుగో తరగతి. ఒకటో తరగతి నుంచి ఒకే ఆటోలో వెళ్ళి ఒకే బెంచీలో కూర్చునే స్నేహితురాలు ఒకతి ఉంది. ఆ పిల్ల వాళ్ళ ఇల్లు విజయనగరంలో కోటకి వెళ్ళే దారిలోనే, అందుకని అంతకు ముందు ఏడాది పైడితల్లమ్మ జాతరలో సిరిమానుని, అంటే చివర పూజారి కూర్చుని ఊరేగే పొడవాటి మానుని, వాళ్ళ డాబా మీద నుంచే చూశాం. మొన్న దసరాకి పిలుపు రాలేదు. పండగ హడావుడిలో మర్చిపోయుంటారులే అనుకుని, దసరా తర్వాతి మంగళవారం, సిరిమాను రోజు, మధ్యాహ్నమే జనంలోకి వెళ్ళి ఒక కొట్టు అరుగు మీద పాపని నిలబెట్టి పట్టుకున్నాను. సిరిమాను ముందు నడిచే పాలధార వెళ్ళింది, తెల్ల ఏనుగు వెళ్ళింది, అంజలి రథం వెళ్ళింది, సిరిమాను వస్తోందని జనం అరటిపళ్ళు విసరడం మొదలెట్టారు, సరిగ్గా అప్పుడు పాప ఎదురు డాబా వైపు చూసింది. పిట్టగోడ దగ్గర ఆ పిల్లా, క్లాసులో ఇంకో ఇద్దరు ఆడపిల్లలూ వరసగా నిలబడి నవ్వుకుంటూ పళ్ళు విసురుతున్నారు. మా పాప చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక గుప్పిట విప్పితే తొక్క చిట్లిపోయి గుజ్జంతా వేళ్ళ మధ్య నుంచి కారుతోంది, అంత దూరం దాన్ని అలాగే పట్టుకుని నడిచొచ్చింది.

ఆ రోజు నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లో నడిచిందే ఇదంతా. నేను చేసిన తప్పులున్నాయి, పనికొచ్చినవీ ఉన్నాయి. మీ ఇంట్లో కూడా ఒక పిల్లో పిల్లాడో బడి నుంచి ముఖం వేలాడేసుకుని వస్తుంటే, కింద రాసినవి ఒక్కొక్కటే చేసి చూడండి. వరస మాత్రం మార్చకండి, ఎందుకంటే నాలుగో దాంట్లో చేయకండి అన్న పనే నేను మొదట చేసేసి చాలా పాడుచేశాను.

1. ముందు అది బాధేనని ఒప్పుకోండి

మన నోట్లోంచి మొదట వచ్చే మాట, "పోనీలే, అది కాకపోతే ఇంకొకతి, క్లాసులో 40 మంది ఉన్నారు కదా." ప్రేమతోనే అంటాం. కానీ పిల్లకి అది ఎలా వినపడుతుందంటే, నీది అసలు బాధే కాదు అన్నట్టు. ఇంక రెండోసారి మనకి చెప్పదు.

కిప్లింగ్ విలియమ్స్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన ఒకసారి పార్కులో కూర్చుని ఉంటే, ఇద్దరు ఆడుకుంటున్న ప్లాస్టిక్ పళ్ళెం ఎగిరొచ్చి ఆయన దగ్గర పడిందట. తీసి విసిరారు, వాళ్ళూ తిరిగి ఈయనకి విసిరారు, ఆట మొదలైంది. కాసేపటికి ఒక్క మాట కూడా చెప్పకుండా మళ్ళీ వాళ్ళిద్దరే ఆడుకోవడం మొదలెట్టారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, అయినా మనసు చివుక్కుమంది. ఆ అనుభవంలోంచే ఆయన బంతి విసురుకునే చిన్న ఆట ఒకటి తయారుచేశారు. దాన్నే కంప్యూటర్ ఆటగా పెట్టి, ఆడుతున్న మనిషికి బంతి రాకుండా చేసి, మెదడుని స్కాన్ తీసి చూశారు. 2003లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన అది. ఒంటికి దెబ్బ తగిలినప్పుడు కలిగే బాధతో సంబంధమున్న భాగమే అప్పుడూ పనిచేస్తోందని తేలింది. పెద్దవాళ్ళకే, తెరమీద ఆటకే అలా ఉంటే, ఒకటో తరగతి నుంచి ఉన్న స్నేహితురాలు డాబా మీద నవ్వుతుంటే కింద నిలబడి చూసిన తొమ్మిదేళ్ళ పిల్లకి ఎలా ఉంటుంది?

అందుకని మోకాలు దోక్కుపోయి వస్తే ఏం చేస్తామో అదే చేయాలి. దగ్గరికి తీసుకుని, "చాలా బాధేసింది కదమ్మా, నాకైనా అలాగే ఉంటుంది" అని ఊరుకోండి. సలహా వద్దు, ఆ స్నేహితురాలిని తిట్టడం అసలే వద్దు. ఇవాళ మీరు "అదొట్టి పొగరుబోతు పిల్ల" అన్నారనుకోండి, వారం తిరిగేసరికి వాళ్ళిద్దరూ కలిసిపోతే, మీ పిల్ల ఇంక ఆ పిల్ల ఊసు మీ దగ్గర ఎత్తలేక నలిగిపోతుంది.

ఎప్పుడు అడగాలన్నది కూడా ముఖ్యమే. బడి గేటు దగ్గర, ఆటో దిగగానే, "ఏమైంది, ఎందుకలా ఉన్నావు" అంటే "ఏం లేదు" అనే వస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తూ అడిగినా అంతే. పిల్లలు మన ముఖం కనపడనప్పుడు మాట్లాడతారు. బండి వెనక కూర్చున్నప్పుడు, బఠానీలు ఒలిచేటప్పుడు, రాత్రి లైటు తీసేశాక. మా ఇంట్లో అయితే ఆదివారం తలకి నూనె రాసేటప్పుడు. నా ముందు పీట మీద అటు తిరిగి కూర్చుంటుంది కదా, పాపిడి తీసి వేళ్ళతో నూనె అద్దుతుంటే, అప్పటిదాకా నోరు విప్పని పిల్ల ఉన్నట్టుండి "అమ్మా, వాళ్ళు ముగ్గురూ ఒకే రంగు రిబ్బన్లు కట్టుకొస్తున్నారు, నాకు చెప్పట్లేదు" అంది. నా చెయ్యి ఆగిపోయింది. కానీ ఆగకూడదు, రాస్తూనే ఉండాలి, "ఊఁ" అనాలి, అంతే. ఆ జడ వేయడానికి ఆ రోజు ముప్పావుగంట పట్టింది.

2. చెప్పని పిల్లల దగ్గర గుర్తులు వెతకండి

ఆదివారం సాయంత్రమో సోమవారం పొద్దున్నో కడుపునొప్పి, క్యారేజీ సగం కూడా తినకుండా తిరిగి రావడం, కొత్తగా కొన్న రబ్బర్లూ స్కెచ్ పెన్నులూ మాయమవడం, ఇన్నాళ్ళూ ఎగురుకుంటూ ఎక్కిన ఆటో వద్దనడం. కడుపునొప్పి అంటే మాత్రం నాటకం అనుకోకండి, మనసు బాగోలేకపోతే పిల్లలకి నిజంగానే కడుపు నొప్పెడుతుంది. రెండు మూడు రోజులు పోకపోతే, ఇదంతా స్నేహితురాలి వల్లే అని మీరే తేల్చేయకుండా ఒకసారి డాక్టరుకి చూపించండి.

రబ్బర్ల సంగతి విడిగా చెప్పాలి. మా పాప డబ్బాలో ఉన్న పళ్ళ వాసన రబ్బర్లు నాలుగూ వారంలో అయిపోయాయి. అడిగితే "ఇచ్చేశాను" అంది. ఏదో ఒకటి ఇస్తే మళ్ళీ జట్టులో చేర్చుకుంటారని ఆశ. తిట్టకండి. "ఇవ్వడం మంచిదే, కానీ ఇచ్చినప్పుడు మాత్రమే మాట్లాడి, అయిపోయాక మళ్ళీ పచ్చి చెప్పేసి మాట్లాడ్డం మానేస్తే నీకెలా ఉంటుంది?" అని అడిగి వదిలేయండి, సమాధానం వాళ్ళకే తెలుసు.

3. అసలేం జరుగుతోందో తెలుసుకోండి

"ఎందుకు నిన్ను కలుపుకోవట్లేదు?" అని మాత్రం అడగకండి. ఆ ప్రశ్నకి పిల్ల దగ్గర ఒకటే జవాబు ఉంటుంది, నేను బాగోను కాబట్టి. ఎవరు, ఎక్కడ, ఏ టైములో, ఎన్నాళ్ళ నుంచి, ఇవి అడగండి.

ఇంకా మంచిది, బొమ్మ గీయించండి. మా పాపకి ఒక తెల్ల కాగితం ఇచ్చి, "లంచ్ బెల్ కొట్టాక ఎవరెక్కడ కూర్చుంటారో గీసి చూపించవూ" అన్నాను. మంచినీళ్ళ సీసా మూత పెట్టి గుండ్రాలు గీసింది. వేపచెట్టు కింద మూడు గుండ్రాలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మెట్ల మీద ఐదు. కుళాయి పక్కన ఒకటి. ఆ ఒక్కటీ మూతతో గీయలేదు, చేత్తో చిన్నగా గీసింది. "ఇదెవరమ్మా" అంటే "నేనే, చేతులు కడుక్కోడానికి దగ్గరని అక్కడ కూర్చుంటున్నా" అంది. అంతసేపూ అడిగి తెలుసుకోలేనిది ఒక్క కాగితంలో తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది, అది తర్వాత చాలా పనికొచ్చింది. మెట్ల మీద ఐదుగురిలో ఒక పిల్ల కొంచెం ఎడంగా, చివర కూర్చుంటోంది.

జరిగేది మామూలుగా మూడు రకాల్లో ఒకటి అయ్యుంటుంది. ఒకటి, స్నేహం దానంతటదే మారడం. సెక్షన్ మారింది, కొత్త ట్యూషన్, కొత్త డాన్సు క్లాసు, రోజూ కలిసేవాళ్ళు మారారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. రెండు, తగువు. ఏదో మాట అనుకున్నారు, ఇద్దరిలో ఎవరూ తగ్గట్లేదు. ఇది రోజుల్లో పోతుంది. మూడు, కావాలని చేయడం. "దానితో ఎవరూ మాట్లాడొద్దు" అని మిగతావాళ్ళకి చెప్పడం, దగ్గరికొస్తే లేచి వెళ్ళిపోవడం, పేర్లు పెట్టడం. ఇది వేరు, దీనికి ఏడో పనిలోకి నేరుగా వెళ్ళండి. మాది మొదటి రకం అని నాకు నెల తర్వాత తెలిసింది. ఆ ముగ్గురూ వేసవి నుంచి ఒకే చోట డాన్సు నేర్చుకుంటున్నారు, స్కూల్ యానివర్సరీకి ఒకే పాటకి చేస్తున్నారు, రిబ్బన్లు అందుకే. మా పాపని బాధపెట్టాలని ఎవరూ అనుకోలేదు. తను మాత్రం బాధపడింది. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది కొట్టేయకండి.

మగపిల్లలున్న ఇళ్ళలో ఇది ఇంకోలా కనపడుతుంది. బ్యాట్ ఎవరిదైతే టీము వాళ్ళది, రోజూ మీవాడిని ఫీల్డింగుకి బౌండరీ దగ్గర నిలబెట్టి, బ్యాటింగ్ వచ్చేసరికి చీకటి పడిందని ఇళ్ళకి పోతారు. వాడు ఏడవడు, "నాకు క్రికెట్ ఇష్టం లేదు" అంటాడు. ఆ మాట నమ్మి ఊరుకోకండి.

4. అవతలి ఇంటికి ఫోన్ చేయకండి

ఇక్కడే నేను తప్పు చేశాను. సిరిమాను రాత్రే, పిల్ల నిద్రపోయాక, కోపం పట్టలేక ఆ పిల్ల వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. "మా పాప మీకేం చేసిందండీ" అని మొదలెట్టాను. ఆవిడకి పాపం అసలు సంగతే తెలీదు, మొదట కంగారుపడింది, తర్వాత నా గొంతు విని ఆవిడకీ కోపం వచ్చింది, "చిన్నపిల్లల విషయాలు ఇంత పెద్దవి చేస్తారా" అంది. మర్నాడు ఆవిడ కూతుర్ని మందలించింది, ఆ పిల్ల బడికొచ్చి "మీ అమ్మ మా అమ్మకి చాడీలు చెప్పింది" అని మిగతా ఇద్దరి ముందూ అంది. అప్పటిదాకా అప్పుడప్పుడూ మాట్లాడే పిల్ల, ఆ రోజు నుంచి పూర్తిగా మానేసింది. అంటే తర్వాత పడ్డ బాధలో సగం నా ఫోన్ వల్ల వచ్చిందే.

మా అత్తగారిది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. ఆవిడ పక్కనే కూర్చుని అంతా విని, "గుంటల తగువులోకి పెద్దోళ్ళు ఎల్తే ఏటవుద్ది? రేపు గుంటలు ఆడుకుంటారు, మీరిద్దరూ మొకాలు తిప్పుకుంటారు" అంది. మా వైపు గుంటలంటే పిల్లలే. ఆ మాట ఫోన్ చేయకముందు విని ఉండాల్సింది.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంతకన్నా ప్రమాదం. పేర్లు రాయకపోయినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది, స్క్రీన్‌షాట్లు తిరుగుతాయి, పిల్లలు పెద్దవాళ్ళ ఫోన్లు చూస్తారు. అవతలి తల్లితో మీకు నిజంగా చనువుంటే, వారం పది రోజులయ్యాక, కోపం చల్లారాక, ఎదురుపడినప్పుడు, "పిల్లలిద్దరూ ఈమధ్య కలవట్లేదు, ఒక ఆదివారం మీ పాపని మా ఇంటికి పంపండి" అనండి చాలు. ఫిర్యాదు కాకుండా పిలుపు అవ్వాలి అది.

5. మాటలు నేర్పండి, ఇంట్లోనే ప్రాక్టీస్ చేయించండి

"ధైర్యంగా వెళ్ళి అడుగు" అంటే సరిపోదు. ఏమని అడగాలో పిల్లలకి తెలీదు. ఆడుతున్న గుంపు దగ్గరికి వెళ్ళి "నన్ను చేర్చుకోరా?" అంటే "చేర్చుకోం" అనడం ఎంతో తేలిక. అదే కాసేపు పక్కన నిలబడి ఆట ఏంటో చూసి, ఒక పాయింటు అయ్యాక, వాళ్ళలో కొంచెం మెత్తగా ఉండే ఒక్క పిల్లని చూసుకుని, "నేనూ వస్తాను, ఎటు వైపు తక్కువున్నారు?" అంటే చాలాసార్లు చోటిస్తారు. ఏడు పెంకులాటలో అయితే అడగడం కూడా అక్కర్లేదు, దూరంగా పోయిన బంతి తెచ్చి ఇస్తే సగం ఆటలో ఉన్నట్టే.

మా హాల్లో మా అత్తగారూ నేనూ ఆ ముగ్గురు పిల్లల్లా తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకుని నిలబడ్డాం, పాప వచ్చి అడగాలి. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి నేల చూస్తూ అంది. ఐదోసారికి వాళ్ళ మామ్మ కావాలనే "ఖాళీ లేదు పో" అంటే, "సరే మామ్మా, ఈ ఆట అయ్యాక వస్తాను" అని చక్కగా తిరిగి వెళ్ళింది. ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. వద్దంటే ఏం చేయాలో ముందే తెలిసుంటే అడగడానికి భయం తగ్గుతుంది. వద్దన్నారా, "సరే, తర్వాత వస్తా" అని, అక్కడే నిలబడకుండా, ముందే అనుకున్న ఇంకో చోటికి వెళ్ళిపోవాలి. ఆ ఇంకో చోటు ఏదో ఇంట్లోనే అనుకోండి, లైబ్రరీయో, మెట్లో, ఇంకో ఆట జరిగే చోటో.

స్నేహితురాలితో నేరుగా మాట్లాడాలంటే, మిగతా ఇద్దరూ లేనప్పుడు, ఆటోలోనో నీళ్ళ దగ్గరో. మాట కూడా చిన్నది. "నువ్వు నాతో తినకపోతే నాకు బాధేస్తోంది, రేపు నాతో తింటావా?" నువ్వు మారిపోయావు, నువ్వు మోసం చేశావు, ఇలాంటివి వద్దు. మా పాప ఇది అడగడానికి రెండు వారాలు తీసుకుంది. నేను తొందరపెట్టలేదు, తొందరపెట్టకపోవడం నాకు చాలా కష్టమైంది.

6. ఇంకో చోట జట్టు కట్టించండి

అన్ని గుడ్లూ ఒకే గంపలో పెట్టకూడదని మనకి తెలుసు, పిల్లకి ఒక్కతే స్నేహితురాలు ఉంటే మాత్రం మురిసిపోతాం. మేమూ మురిసిపోయాం. బడిలో ఒకరు, వీధిలో ఒకరు, చుట్టాల్లో ఒకరు, ఏదైనా నేర్చుకునే చోట ఒకరు ఉంటే, ఒక తలుపు మూసుకున్నా పిల్ల బయట నిలబడిపోదు.

దీనికి డబ్బు ఖర్చు అక్కర్లేదు. 1919లోనే సంగీతానికి కాలేజీ పెట్టిన ఊరు మన విజయనగరం, ఇప్పటికీ పాటో వయొలినో నేర్పే మాస్టార్లకి కొదవ లేదు. ఆటలంటే ఇష్టమున్న పిల్లలకి, పక్కనే కొండవెలగాడ లాంటి పల్లెల నుంచి ఆడపిల్లలు వెయిట్ లిఫ్టింగ్‌లో ఎంత దూరం వెళ్ళారో చెప్పండి. శ్రీకాకుళం వాళ్ళకైతే ఊసవానిపేటలో పుట్టి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఉండనే ఉన్నారు. ఏది చేర్పించినా ముందు పిల్లని అడిగి చేర్పించండి. నేను మొదట కంగారులో ఆ ముగ్గురూ వెళ్ళే డాన్సు క్లాసుకే పంపుదామనుకున్నాను. మా ఆయన "దానికి డాన్స్ ఇష్టమా, ఆ పిల్ల ఇష్టమా" అని అడిగారు. మానుకున్నాను.

అన్నిటికన్నా బాగా పనిచేసింది ఇది. బొమ్మలో మెట్ల చివర కూర్చున్న పిల్ల గుర్తుందా? ఆ పిల్లని ఆదివారం ఇంటికి పిలిచాం. దీనికి నాలుగు సంగతులు గుర్తుపెట్టుకోండి. ఒక్క పిల్లనే పిలవండి, ఇద్దర్ని పిలిస్తే వాళ్ళిద్దరూ ఒకటై మీ పిల్ల మళ్ళీ ఒంటరవ్వచ్చు. రెండు గంటలు చాలు, ఇంకా ఆడాలని ఉండగానే పంపేయాలి. చేతికి ఏదో పని ఉండాలి, ఊరికే "ఆడుకోండి" అంటే కొత్త పిల్లలు ముఖాలు చూసుకుంటారు. టీవీ, ఫోన్ వద్దు. ధనుర్మాసం కాబట్టి మేం ముగ్గు పిండీ రంగులూ ఇచ్చి వాకిట్లో వదిలేశాం. మొదటి పావుగంట ఎవరి చుక్కలు వాళ్ళవే. తర్వాత మా పాప పెట్టిన చుక్కల్లో ఒక వరస తప్పింది, ఆ పిల్ల ఏం మాట్లాడకుండా వంగి కాలితో చెరిపి మళ్ళీ పెట్టింది, అంతే, అక్కణ్ణుంచి ఇద్దరూ ఒకే ముగ్గులో ఉన్నారు. వేడివేడిగా చేగోడీలు వేసి పళ్ళెం అరుగు మీద పెట్టి నేను లోపలికి వచ్చేశాను. మధ్యలో దూరి "బాగా ఆడుకుంటున్నారా" అని అడగకండి.

7. టీచర్‌తో ఎప్పుడు, ఎలా

రెండు మూడు వారాలైనా మార్పు లేకపోయినా, పైన చెప్పిన మూడో రకం అయినా, క్లాస్ టీచర్‌ని కలవండి. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున మాత్రం ఈ మాట ఎత్తకండి, అంతమంది ముందు ఏ టీచరూ సరిగా వినలేరు, మీ పిల్లకి కూడా నామోషీ. ముందుగా అడిగి, బడి అయ్యాక పది నిమిషాలు టైము తీసుకోండి. ఏ పిల్లనీ నేరస్తురాలిని చేయకండి. "నెల నుంచి మా పాప ఒక్కతే కూర్చుని తింటోంది, మీరు ఏమైనా గమనించారా మేడం?" అనండి. ఆ బొమ్మ తీసుకెళ్ళి చూపించండి, నేను చూపించాను, మేడం చాలాసేపు చూశారు.

అడగాల్సింది కూడా చిన్నదే ఉండాలి. బెంచీలు మార్చడం, జంటలుగా చేసే పనుల్లో మీ పిల్లని సరైన పిల్లతో కలపడం, జట్లు పిల్లలే ఎంచుకోకుండా టీచర్ వేయడం. ఎలియట్ అరాన్సన్ అనే ఆయన 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో, తెల్లపిల్లలూ నల్లపిల్లలూ మొదటిసారి కలిసి చదువుతూ గొడవలు పడుతున్న బడుల్లో, పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చే పద్ధతి పెట్టారు. పక్క పిల్ల చెప్పేది వినకపోతే పాఠం పూర్తవ్వదు కాబట్టి వినక తప్పదు. మా పాప టీచర్ పరిసరాల పాఠంలో దీన్ని పోలిందే ఒకటి చేశారు, నాగావళి నది మీద, నలుగురేసి పిల్లలకి, పుట్టుక ఒకరికి, దారిలో ఊళ్ళు ఒకరికి, పంటలు ఒకరికి, సముద్రంలో కలిసే చోటు ఒకరికి. మా పాపకి కల్లేపల్లి దగ్గర సముద్రంలో కలిసే ముక్క వచ్చింది, నాన్నతో వెళ్ళి చూసిన చోటే కాబట్టి పావుగంట ఆపకుండా చెప్పిందట.

కావాలని ఏడిపిస్తున్నారని తేలితే మాత్రం మొహమాటపడకండి. తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకుని హెడ్మాస్టరుని కలవండి, రాతపూర్వకంగా ఇవ్వండి.

8. ఇది స్నేహం సంగతి కాదు అనిపించినప్పుడు

రెండు వారాలకి పైగా నిద్ర లేదు, తిండి లేదు, ఇష్టమైన పనులు కూడా వదిలేసింది, బడి పేరెత్తితే వణుకుతోంది, లేదా "నేను లేకపోతేనే బాగుంటుంది" లాంటి మాట ఒక్కసారి అన్నా సరే, ఆగకండి. చిన్నపిల్ల ఏదో అందిలే అనుకోకండి. పిల్లల డాక్టరుకో మానసిక వైద్యులకో వెంటనే చూపించండి. 14416 టెలిమానస్ నంబరు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలెట్టింది, ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు పడవు. 1098 పిల్లల హెల్ప్‌లైన్, పిల్లలే స్వయంగా చేయొచ్చు. ఈ రెండు నంబర్లూ మా ఫ్రిజ్ మీద అంటించి ఉన్నాయి, మీరూ అంటించండి.

9. మన పిల్లే ఇంకొకరిని పక్కన పెడుతుంటే

ఇది కూడా చూసుకోండి. ముగ్గులు బాగా కుదిరాక, ఒకరోజు మా పాప "ఆ మూడో బెంచీ పిల్లని మా దగ్గర కూర్చోవద్దన్నాం" అని చాలా మామూలుగా చెప్పింది. నాకు గుండె ఝల్లుమంది. అరవలేదు. "కుళాయి దగ్గర కూర్చున్నప్పుడు నీకెవరు వస్తే బాగుండేది అనిపించేది?" అని అడిగాను, ఏం మాట్లాడలేదు. మర్నాడు క్యారేజీలో రెండు పూర్ణాలు ఎక్కువ పెట్టమంది. ఎవరికి అని నేను అడగలేదు.

పిల్లలందరూ అందరితో స్నేహం చేయాలని బలవంతం పెట్టక్కర్లేదు. ఇష్టం లేకపోతే స్నేహం చేయకపోవచ్చు, కానీ పక్కన కూర్చోనివ్వాలి, అడిగితే జవాబు చెప్పాలి, ఇంకొకరిని కూడా మాట్లాడొద్దని ఆపకూడదు. ఈ మూడూ మా ఇంట్లో రూలు.

10. ఆ స్నేహితురాలు మళ్ళీ వస్తే

చాలాసార్లు వస్తుంది. మా ఇంటికి కనుమ రోజు వచ్చింది, గేటు దగ్గర నిలబడి, మా పాప పేరు కాదు, "ఆంటీ" అని నన్ను పిలిచింది. నా నోటిదాకా ఏదో వచ్చింది, మింగేశాను. "రా అమ్మా, లోపలుంది" అన్నాను. ఎత్తిపొడుపు మాటలు అనకండి, "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా" అని నవ్వుతూ అన్నా పిల్లలకి గుచ్చుకుంటుంది. మీ పిల్లకి కూడా వెంటనే కౌగిలించుకోవాలని ఏం లేదు, కొంచెం ముభావంగా ఉంటే ఉండనివ్వండి. పాత బెంచీకే తిరిగి వెళ్ళాలని కూడా లేదు. వాళ్ళిద్దరూ ఇప్పుడు వారంలో ఒకటి రెండు రోజులు కలిసి తింటున్నారు, మిగతా రోజులు మా పాప మెట్ల మీదే. ఇలా ఉంటే ఆ స్నేహం పోయినట్టా ఉన్నట్టా అని నాకే అనుమానం, తనకి లేదు.

ఇంకొక్కటి. రోజూ సాయంత్రం "ఇవాళ మాట్లాడిందా? నీతో తిందా?" అని అడగడం ఎప్పుడో ఒకప్పుడు ఆపేయాలి. నాకు అది అలవాటైపోయింది, ఆటో దిగగానే అదే ప్రశ్న. ఒకరోజు పాప బూట్లు విప్పుతూ, "ఏటమ్మా, రోజూ దాని గురించే అడుగుతావు, నా లెక్కల పేపర్ ఇచ్చారు, అది అడగవా?" అంది. అడిగాను. 25కి 21.